నల్ల ప్లేటు మీది పనితనం

ఎల్‌పీ రికార్డు ఒకటి అట్టలోంచి తీసి, అంచులు మాత్రమే పట్టుకుని, కిటికీ వెలుతురులో కాస్త వాలుగా పెట్టి చూడండి. నల్లగా కనబడేదంతా ఒకే నలుపు కాదు. కొన్నిచోట్ల నిగనిగలాడుతుంది, కొన్నిచోట్ల బూడిదరంగు తిరిగి గరుగ్గా ఉంటుంది. నిగనిగలాడే చోట పాట మెల్లగా సాగుతోందని, గరుగ్గా ఉన్న చోట వాద్యాలన్నీ ఒక్కసారి అందుకున్నాయని లెక్క. కన్ను అలవాటు పడితే మృదంగం ఎక్కడ జోరందుకుందో, కోరస్ ఎక్కడ ఎత్తుకుందో ముల్లు పెట్టకముందే చెప్పేయవచ్చు.

పాత రికార్డులు దాచుకోమనేవాళ్లు మామూలుగా రెండు మాటలు చెబుతారు. ఆ సౌండే వేరు అనేది ఒకటి. మున్ముందు మంచి ధర పలుకుతుందనేది రెండోది. మొదటి మాట మీద నాకు పెద్ద నమ్మకం లేదు, రెండోదాని మీద అసలే లేదు. శుభ్రంగా తయారైన సీడీలో రొద తక్కువ, చప్పుడుకీ నిశ్శబ్దానికీ మధ్య తేడా ఎక్కువ. అది కొలిచి చెప్పగల విషయం, దాని మీద పోట్లాట అనవసరం. ధర సంగతంటారా, పెళ్లి పందిళ్లలో అరిగిపోయిన సినిమా రికార్డుకి ఏ ఊళ్లోనూ పెద్దగా గిరాకీ ఉండదు. నేను దాచమనేది ఇంకో కారణానికి. రికార్డు చేత్తో చేసిన వస్తువు. పాడినవాళ్లది, చెక్కినవాళ్లది, అచ్చొత్తినవాళ్లది పనితనం దాని మీదే ఉంది. పాటను ఫోన్‌లోకి తెచ్చుకున్నాం గానీ ఆ పనితనం ఫోన్‌లోకి రాలేదు.

ముందు చెక్కడం సంగతి చూద్దాం. రికార్డు మీద వందలాది గాళ్లు ఉన్నట్టు కనబడతాయి కానీ ఒక పక్కకి ఉండేది ఒక్కటే గాడి. అంచున మొదలై లేబుల్ దాకా చుట్లు చుట్టుకుంటూ వస్తుంది. నిమిషానికి 33 చుట్లకు కాస్త ఎక్కువ చొప్పున 20 నిమిషాలకు 660కి పైగా చుట్లు. విప్పి నేలమీద పరిస్తే 400 మీటర్లు దాటుతుంది. ఆ పొడవునా ఎక్కడా ఒక చుట్టు పక్క చుట్టును తగలకూడదు. తగిలిందంటే ముల్లు ఎగిరి పక్క గాడిలో పడుతుంది, పాట చెడుతుంది.

ఈ గాడిని మొదట చెక్కేది అల్యూమినియం పళ్లేనికి నైట్రోసెల్యులోజ్ లాకర్ పూసిన బిళ్ల మీద. చెక్కే మొన కెంపు జాతి రాయి, సఫైర్. దాన్ని సన్నని తీగతో వేడి చేస్తారు, అప్పుడే గాడి గోడలు నున్నగా దిగుతాయి. తెగి వచ్చే లాకర్ పోగును పక్కనే ఉన్న గొట్టం పీల్చేస్తుంటుంది. అది చటుక్కున అంటుకునే సరుకు మరి. లోపలి కిటుకు ఇంకా బాగుంటుంది. తక్కువ శ్రుతి స్వరాలు, తబలా గుంకీలు మొనను పక్కలకు ఎక్కువ ఊపుతాయి, వాటికి ఎక్కువ జాగా కావాలి. ఆ జాగా ముందే ఇవ్వాలంటే పాటలో తర్వాత ఏం రాబోతోందో యంత్రానికి తెలియాలి. అందుకని టేపు మెషిన్‌కి రెండు హెడ్లు పెట్టారు. మొదటిది సుమారు ఒక చుట్టు ముందే, అంటే 1.8 సెకన్ల ముందే, టేపును విని చెక్కుడు యంత్రానికి కబురందిస్తుంది. పెద్ద చప్పుడు వస్తోందంటే చుట్ల మధ్య దూరం పెరుగుతుంది, నెమ్మదించగానే దగ్గరవుతుంది. కిటికీ దగ్గర మీరు చూసిన నిగనిగలూ గరుకుదనమూ ఈ సర్దుబాట్ల ఆనవాళ్లే.

అంత చేసినా తక్కువ శ్రుతి స్వరాలను ఉన్నదున్నట్టు చెక్కితే ఒక పక్కకి 20 నిమిషాలు పట్టవు. అందుకని చెక్కేటప్పుడు వాటిని బాగా తగ్గించి, పై శ్రుతులను బాగా పెంచి చెక్కుతారు. వినేటప్పుడు ఆంప్లిఫయర్ ఈ లెక్కను తిరగేస్తుంది. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అనేది తొలినాళ్లలో కంపెనీకో తీరుగా ఉండేది, 1954లో అమెరికా రికార్డింగ్ సంఘం ఒక లెక్క ఖాయం చేసింది. రికార్డు ప్లేయరును నేరుగా ఆంప్లిఫయర్ మామూలు సాకెట్‌లో గుచ్చి, పాట రేకుడబ్బాలోంచి వచ్చినట్టుందని పారేసేవాళ్లు ఈ సంగతి తెలియక పారేస్తారు.

స్టీరియో వచ్చాక గాడికున్న రెండు గోడలకూ పని పడింది. లేబుల్ వైపు గోడ మీద ఎడమ స్పీకరుది, అంచు వైపు గోడ మీద కుడి స్పీకరుది చెక్కుతారు. రెండూ 45 డిగ్రీల ఏటవాలు. ఒకే ముల్లు రెండు గోడలనూ ఒరుసుకుంటూ పోయి రెండు కథలు వేర్వేరుగా చెబుతుంది. ఈఎమ్ఐలో పనిచేసిన అలన్ బ్లమ్‌లీన్ 1931లోనే దీనికి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. బజారులోకి స్టీరియో రికార్డులు రావడానికి మరో పాతికేళ్లకు పైగా పట్టింది.

ఇందులో దాచినా దాగని లోపం ఒకటుంది. రికార్డు తిరిగే వేగం మారదు, కానీ చుట్టు చిన్నదవుతూ వస్తుంది. అంచు దగ్గర ముల్లు కింద సెకనుకు 50 సెంటీమీటర్ల గాడి పరుగెడితే, లేబుల్ దగ్గరకొచ్చేసరికి అది 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. ‘స, ష’ పలికినప్పుడు వచ్చే సీత్కారంలో సెకనుకు ఆరు వేల కంపనాలున్నాయనుకుందాం. లేబుల్ దగ్గర ఒక్కో కంపనానికి దక్కేది మిల్లీమీటరులో సుమారు ముప్ఫయ్యో వంతే. ముల్లు ఆ ఇరుకులో సరిగ్గా తిరగలేదు. పక్క చివర ఉన్న పాటలో సకారాలు బరబరమనడానికి కారణం ఇదే. తెలిసిన నిర్మాతలు అందుకే హోరున సాగే పాటను మొదట పెట్టి, మెల్లని పాటతో పక్క ముగించేవారు. పాటల వరుస సినిమా కథ ప్రకారం లేదేమిటని మనం అనుకుంటాం. వాళ్ల లెక్క గాడి లెక్క.

వినైల్ కన్నా వెనకటివి లక్క ప్లేట్లు, నిమిషానికి 78 చుట్లవి. మోదుగ, రేగు చెట్ల కొమ్మల మీద లక్క పురుగు పెట్టే జిగురే వీటికి ముడిసరుకు. ప్రపంచం పాడించుకున్న ప్లేట్లలో చాలా వాటికి లక్క మన దేశపు అడవుల నుంచే వెళ్లింది. అందులో రాతిపొడి, మసి కలిపేవారు. నిజానికి రాతిపొడే ఎక్కువ, లక్క దాన్ని పట్టి ఉంచే జిగురు. రాతిపొడి దండిగా ఉండబట్టే ఉక్కు ముల్లు మొన మొదటి చుట్లలోనే అరిగి గాడి ఆకారానికి వస్తుంది. పక్కకో కొత్త ముల్లు మార్చాలని పెద్దవాళ్లు సాధించేది అందుకే. మార్చకపోతే ఆ అరిగిన ముల్లే ఉలి అయి తర్వాతి ప్లేటును చెక్కేస్తుంది.

78 ప్లేటు మీద మాత్రం మంచి భూతద్దం ఉంటే పాటను అచ్చంగా చూడవచ్చు. గాడి వెడల్పు ఎక్కువ, వేగం ఎక్కువ. గాయకుడు పైషడ్జం దగ్గర నిలబడి స్వరాన్ని సాగదీశాడనుకోండి, గాడి సమానమైన అలలుగా, ఒక్కో అల ఒకటి రెండు మిల్లీమీటర్ల పొడవున, వరుసగా సాగుతుంది. గమకం వేసిన చోట అలలు దగ్గరై దూరమవుతాయి. మాట్లాడిన చోట ఆ వరుస ఉండదు, అంతా గజిబిజి. కరుణశ్రీ పద్యాలను ఘంటసాల పాడిన ‘పుష్పవిలాపం’ ప్లేటు ఇలా చూడటానికి మహా బాగుంటుంది. అందులో పద్యానికీ పద్యానికీ నడుమ ఆయన మామూలు గొంతుతో చెప్పే మాటలున్నాయి. గాడిలో పద్యం ఎక్కడ ఆగిందో, మాట ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించవచ్చు. చూపించవద్దు లెండి, వేలి జిడ్డు అంటుకుంటుంది.

పది అంగుళాల ప్లేటు ఒక పక్కకి మూడు నిమిషాల పైచిలుకు పాడుతుంది, అంతే. మన పద్యనాటక నటులకు ఇదో అగ్నిపరీక్ష. స్టేజీ మీద ఒక్క పద్యానికి రాగం తీస్తూ పది నిమిషాలు లాగి, వన్స్‌మోర్లు కొట్టించుకున్నవాళ్లు. ప్లేటు దగ్గరకొచ్చేసరికి ఆలాపన, పద్యం, హార్మోనియం ముక్తాయింపు అన్నీ మూడు నిమిషాల్లో తేల్చాలి. టేపు రాకముందు మైనపు బిళ్ల మీద నేరుగా చెక్కేవారు. మధ్యలో దగ్గు వచ్చినా, శ్రుతి తప్పినా ఆ బిళ్ల చెడినట్టే. ఎలా వచ్చిందో వెంటనే వినడానికీ లేదు, ముల్లు పెడితే మైనం పాడవుతుంది. అందుకే ఆ ప్లేట్లలో రాగానికి ఎసరు పెట్టే సాగదీతలు లేవు. రాయబారం పద్యాలు స్టేజీ మీద విని మురిసిన తరం పోయింది, వాళ్లు చెప్పిన గొప్పలు మిగిలాయి. ఆ గొప్పల్లో నిజమెంతో తేల్చుకోవాలంటే ప్లేట్లే సాక్ష్యం. నా మట్టుకు నాకు స్టేజీ మీది సాగదీత కన్నా ప్లేటులోని బిగువే ఎక్కువ నచ్చుతుంది. పద్యాభిమానులు తిట్టుకుంటే తిట్టుకోనీండి.

తొలినాటి టాకీల పాటల సంగతీ అంతే. అప్పట్లో చాలా పాటలను సినిమాకు ఒకసారి, ప్లేటుకు మరోసారి విడిగా పాడేవారు. ప్లేటులో చరణం తగ్గవచ్చు, వాద్యాలు మారవచ్చు, ఒక్కోసారి గొంతే మారవచ్చు. లేబుల్ మీద పేరు కూడా నమ్మడానికి లేదు. 1949లో వచ్చిన హిందీ సినిమా ‘మహల్’లో లతా మంగేష్కర్ పాడిన ప్రసిద్ధమైన పాట ప్లేటు మీద మొదట సినిమాలోని పాత్ర కామిని పేరే అచ్చయింది. తెలుగులో తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రతే దొరకదు. ఆ రోజుల సినిమాలు ఎన్నో ఇలాగే పోయాయి. వాటి పాటల్లో ఏవైనా వినాలంటే ఎవరి ఇంట్లోనో అటక మీద మిగిలిన ప్లేటే దిక్కు.

అచ్చు సంగతికొద్దాం. లాకర్ బిళ్లకు వెండి పూత పట్టించి, దాని మీద నికెల్ పెంచి ఒలుస్తారు. గాడి ఉన్నచోట గట్టు తేలిన ఆ లోహపు బిళ్ల ‘ఫాదర్’. దాని మీంచి మళ్లీ గాడి వచ్చే ‘మదర్’, దాన్నుంచి మళ్లీ గట్లు తేలే ‘స్టాంపర్’. పని చేసేది ఈ చివరిదే. ఆవిరితో కాలే రెండు స్టాంపర్ల మధ్య వినైల్ ముద్ద పెట్టి టన్నుల బరువుతో నొక్కితే, పెనం మీద పెసరట్టు పిండి జరిగినట్టు ముద్ద నడిమి నుంచి అంచులకు పరుచుకుంటుంది. వెంటనే చన్నీళ్లు పారించి చల్లారుస్తారు. తొందరపడి తీస్తే వంకర పోతుంది. లేబుల్‌కు జిగురుండదు. కాగితాన్ని ముందే పొయ్యిలో ఎండబెట్టి, ముద్దతో పాటే నొక్కుతారు, అది వినైల్‌లోనే దిగబడిపోతుంది. ఎండబెట్టకుండా పెడితే కాగితంలోని తేమ ఆవిరై బుడగ లేస్తుంది. యాభై ఏళ్ల నాటి కుక్కబొమ్మ లేబుల్ అంచు ఇవాళ్టికీ గోటికి దొరకదంటే దాని వెనక ఇంత ముందుచూపు ఉంది.

ఒకప్పుడు మన దగ్గర ఈ పనికి పెద్ద దిక్కుగా ఉండేది కలకత్తా దగ్గరి దమ్‌దమ్ ఫ్యాక్టరీ. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ గొంతును రికార్డు చేసినప్పుడు ప్లేట్లు అచ్చొత్తడానికి జర్మనీలోని హానోవర్ పంపాల్సి వచ్చింది. పాట చివర ఆవిడ తన పేరు ఇంగ్లీషులో చెప్పింది. అక్కడివాళ్లు ఎవరి ప్లేటో పోల్చుకుని సరైన లేబుల్ అతికించడానికి. 1908కల్లా కలకత్తాలోనే ఫ్యాక్టరీ వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో మద్రాసులో పాడిన తెలుగు పాట కూడా దమ్‌దమ్ వెళ్లి ప్లేటై మళ్లీ మన ఊరికి వచ్చేది.

రికార్డులో పాట ముగిశాక లేబుల్‌కు ముందు ఖాళీ జాగా వలయంలా ఉంటుంది. చాలామంది చూడనే చూడరు. అక్కడ చేత్తో గీసినవో, పోటుతో కొట్టినవో అంకెలుంటాయి. లేబుల్ మీది నంబరు దుకాణదారు కోసం, ఈ అంకెలు పనివాడి కోసం. ఏ రికార్డింగు, ఎన్నో ప్రయత్నం, ఏ పక్క, కొన్నిటి మీద ఎన్నో స్టాంపర్ అన్నీ అక్కడే. ఇంగ్లండులో హేస్ దగ్గరి ఈఎమ్ఐ ఫ్యాక్టరీలో స్టాంపర్ సంఖ్యను అంకెల్లో వేసేవారు కాదు. పాత గ్రామఫోన్ కంపెనీ పేరు నుంచి తీసిన పది అక్షరాల్లో జీ అంటే ఒకటి, ఆర్ అంటే రెండు, ఏ అంటే మూడు, అలా లెక్క. మొదట్లో అచ్చయిన ప్రతి ఏదో, స్టాంపర్ అరిగాక వచ్చింది ఏదో ఈ గీతలే చెబుతాయి. లేబుల్ ఒకటే, పాట ఒకటే, అయినా రెండు ప్రతులు ఒకటి కావు. ఒకే పాట రెండో ప్రయత్నం వేరే ప్రతిలో బయటపడటమూ ఉంది. మద్రాసులో ఉండి పదివేలల్లో 78 ప్లేట్లు కూడబెట్టిన వి.ఎ.కె. రంగారావు లాంటి సేకర్తల పని విలువ ఇక్కడ తెలుస్తుంది. వాళ్లు పాటలు పోగు చేయలేదు, ప్రతులు పోగు చేశారు. ముంబయి కేంద్రంగా పనిచేసే భారతీయ రికార్డు సేకర్తల సంఘం వాళ్లు ఓడియన్, యంగ్ ఇండియా లేబుళ్ల ప్లేట్లను బ్రిటిష్ లైబ్రరీ పథకం కింద డిజిటల్ చేశారంటే, ఆ కంపెనీలు పోయినా ప్లేట్లు ఇళ్లలో మిగలబట్టే కదా.

మాస్టర్ టేపు ఎక్కడో భద్రంగా ఉండే ఉంటుందని మనం అనుకుంటాం. 2008 జూన్‌లో హాలీవుడ్‌లోని యూనివర్సల్ స్టూడియోలో నిప్పంటుకున్నప్పుడు ఎన్ని మాస్టర్ టేపులు కాలిపోయాయో లోకానికి తెలిసింది పదకొండేళ్ల తర్వాత. అంత డబ్బున్నచోటే అలా ఉంటే, ఇక్కడి సంగతి వేరే చెప్పక్కర్లేదు. టేపు ఉన్నా దాన్నుంచి వచ్చేది అసలు పాటే కానక్కర్లేదు. కొత్త డప్పులు కలిపినవి, మోనో పాటను బలవంతాన స్టీరియో చేసినవి, గరగర తీయబోయి గాయకుడి ఊపిరి కూడా తీసేసినవి వింటూనే ఉన్నాం. ఘంటసాల పద్యం ఎత్తుకునే ముందు తీసుకునే శ్వాసలోనే సగం అందం ఉంది. దాన్ని తుడిచేసినవాడికి రొదకీ ఊపిరికీ తేడా తెలియదు.

డైలాగుల ఎల్‌పీలు మన ప్రాంతపు ప్రత్యేక సంపద. ‘ముత్యాలముగ్గు’లో రావుగోపాలరావు మాటలు, ‘దానవీరశూరకర్ణ’లో ఎన్టీఆర్ సంభాషణలు టీ దుకాణాల్లో మోగి మోగి, చదువు రానివాళ్లకు కూడా కంఠతా వచ్చాయి. మూడున్నర గంటలు దాటిన సినిమాలోంచి ఏది ఉంచాలి, తెర లేకుండా ఏది అర్థమవుతుంది, దృశ్యానికీ దృశ్యానికీ మధ్య ఎంత సంగీతం అతకాలి అని కూర్చుని కత్తిరించిన వాళ్ల పేర్లు అట్ట మీద మీకు కనబడవు. టూరింగ్ టాకీసుల్లో ఘంటసాల పాడిన వెంకటేశ్వరుడి పాట మోగితే టికెట్లు ఇవ్వబోతున్నారని ఊరికి తెలిసేది. రోజూ మోగిన ఆ ప్లేట్లు అరిగి తెల్లబడ్డాయి, ఇప్పుడు దొరికేవి ఎక్కువగా అలాంటివే. ఆయన చివరి రోజుల్లో పాడిన భగవద్గీతను మనం శవవాహనాలకు అంకితం చేసేశాం. పాపం ఆయన ఉద్దేశం అది కాదు. ఆ ఎల్‌పీ ఇంట్లో ఉంటే ఒకసారి మామూలు రోజున పెట్టుకుని వినండి.

అన్నీ దాచమని నేను చెప్పను. లక్షల్లో అచ్చయి, గాడి తెల్లబడిన సినిమా పాటల రికార్డుకు అటక మీద చోటు దండగ. నాటక సెట్లు, ప్రైవేటు పద్యాలు, చిన్న కంపెనీల ప్లేట్లు, డైలాగుల రికార్డులు, ఊళ్లోని హరికథకులు, బుర్రకథకులు ఇచ్చిన ప్లేట్లు మాత్రం ఎంత అరిగినా వదలకండి. పుస్తకాల్లా నిలబెట్టి పెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చితే కిందివి వంగుతాయి. అటక అసలే వద్దు, రెంటచింతల ఎండకు రేకుల కింద వినైల్ వంకర పోకుండా ఉండదు. కోస్తా ఊళ్లలో వానాకాలం పట్టే బూజుకు డిస్టిల్డ్ వాటరు, మెత్తని గుడ్డ చాలు. లక్క ప్లేటుకు మాత్రం స్పిరిటు తగలనివ్వవద్దు. ఆల్కహాల్‌లో లక్క కరుగుతుంది, తుడిచిన చేతికి నలుపంటేసరికి పాట పోయి ఉంటుంది. కీ ఇచ్చే పాత గ్రామఫోన్ మీద సరదాకైనా ఎల్‌పీ పెట్టకండి. దాని సౌండ్‌బాక్సు గాడి మీద మోపే బరువు వంద గ్రాముల పైమాటే, ఎల్‌పీ ఓర్చుకునేది రెండు మూడు గ్రాములు. ఎల్‌పీ ముల్లుతో 78 వింటే అది వెడల్పు గాడి అడుగున పడి గరగర తప్ప ఏదీ సరిగ్గా అందుకోదు. ఆ ప్లేట్లకు నాలుగింతలు లావు మొన కావాలి, విడిగా దొరుకుతుంది. మరీ పాతవి సరిగ్గా 78 చుట్లకే చెక్కినవి కావు, కాబట్టి హార్మోనియం శ్రుతిని బట్టి వేగం సరిచూసుకోవాలి.

ప్లేటు పగిలితే ముక్కలు కూడా ఉంచండి. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో భౌతికశాస్త్రవేత్త కార్ల్ హేబర్ బృందం ముల్లు మోపకుండా, గాడిని సూక్ష్మంగా ఫొటోలు తీసి, ఆ బొమ్మల నుంచే ధ్వనిని లెక్కగట్టే పద్ధతి తయారుచేసింది. 1860లో మసి పూసిన కాగితం మీద గీసిన గీతల నుంచి మనిషి పాటను 2008లో వినిపించింది ఆ ప్రయోగశాల సాయంతోనే. ముక్కలను వరుస కలిసేలా అట్టముక్కల మధ్య పెట్టి, లేబుల్ మీది నంబరూ లోపలి వలయంలోని అంకెలూ పైన రాసి కట్టి ఉంచితే చాలు. జిగురుతో మీరే అతికించే ప్రయత్నం మాత్రం చేయకండి. గాడిలోకి దిగిన జిగురును ఏ కెమెరా దాటి చూడలేదు.